దర్జీ జబ్లోన్ ఎడమ చెయ్యి

"గుచ్చుతున్నాను. తెలుస్తోందా?"

"తెలుస్తోంది."

"నేనింకా గుచ్చలేదు జబ్లోన్."

బల్ల మీద చాచిన ఎడమ చెయ్యి అలాగే ఉంది. జబ్లోన్ కళ్ళు మూసుకునే ఉన్నాడు. డోరికా ఈసారి నిజంగానే గుండుసూది మొనను అతని చూపుడువేలి కొసలో దించింది. పక్క వేలిలో దించింది. ఆ పక్క వేలిలో కూడా.

"ఊఁ, కానివ్వు వదినా," అన్నాడు జబ్లోన్.

వంటింటి గుమ్మంలో టీ కెటిల్ పట్టుకుని నిలబడ్డ రిస్పా అది చూసింది. కెటిల్‌ను మెల్లగా నేల మీద పెట్టింది. మొగుడి వేళ్ళలో మూడు సూదిపోట్లు పడ్డాయి, మనిషికి తెలియలేదు.

"అయిపోయింది," అంది డోరికా. సూదిని తన గౌను అంచుకు గుచ్చుకుంది. "అచ్చం ఇలాగే. మీ అన్నయ్యకీ ఇలాగే మొదలైంది."

జబ్లోన్ అన్న హెజ్రోన్ పోయి రెండేళ్ళయింది. ముందు ఎడమ చేతి వేళ్ళు మొద్దుబారాయి. నాలుగో నాటికి ఎడమ పక్కంతా పడిపోయింది. తొమ్మిదో నాడు పెరట్లో గొయ్యి తవ్వారు. డోరికా ఆ తొమ్మిది రోజులూ మంచం పక్కనే ఉంది.

జబ్లోన్‌కి ఇవాళ అయిదో రోజు. సోమవారం నాడు లువాండా సంతలో తన కొట్టులో మిషను మీద బడిపిల్లల యూనిఫాం కుడుతూ, హఠాత్తుగా ఆపి, ఎడమ చేతిని తేరిపార చూసుకున్నాడు. ఇంటికొచ్చి పెళ్ళాంతో ఒకే ముక్క అన్నాడు: బట్ట తెలియడం లేదు. దర్జీవాడికి బట్ట తెలియకపోవడమంటే ఏమిటో రిస్పాకి విడమరిచి చెప్పక్కర్లేదు.

"లేవండి. బోడా మోటారుసైకిళ్ళకి కబురు పెట్టాను," అంది రిస్పా.

"ఆదివారం దాకా చూద్దాం. చర్చి సంఘంలో ప్రార్థన చేయిస్తే..."

"హెజ్రోన్ కూడా ఆదివారం దాకా అన్నాడు," అంది డోరికా. "ఆదివారం నలుగురు మోసుకొచ్చారు."

చెప్పాల్సిన ఒక మాట జబ్లోన్‌కి రెండుసార్లు గొంతుదాకా వచ్చింది. రెండుసార్లూ మింగాడు.

"కిసుముకి తీసుకుపోదాం రిస్పా. పెద్దాసుపత్రికి."

"గంటన్నర ప్రయాణం వదినా. ముందు ఇక్కడ ఆరోగ్య కేంద్రంలో చూపిద్దాం. దగ్గర."

"నేనూ దగ్గరున్నదే చాలనుకున్నాను," అంది డోరికా.

రిస్పా వంగి, మొగుడి బూట్లు తెచ్చి అతని కాళ్ళ ముందు పెట్టింది. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో ఆమె ఎన్నడూ అతని బూట్లు తెచ్చి పెట్టలేదు. జబ్లోన్ వాటిని చూసి భయపడ్డాడు. లేచాడు.

*

డాక్టరు గది తెర తొలగించగానే జబ్లోన్ వెనక్కి తిరిగాడు.

"వేరేవాళ్ళ దగ్గరికి పోదాం."

"ఎందుకు?" అంటూ రిస్పా లోపలికి తొంగిచూసి, తనూ ఆగిపోయింది.

బల్ల వెనక తెల్లకోటు వేసుకుని కూర్చున్నది ఎల్ఫాస్. సంఘంలోని జెమీమా కొడుకు. ఏడేళ్ళ కిందట సంఘం గాయకబృందంలో అంత చక్కని గొంతు ఇంకొకటి లేదు. పదిహేడేళ్ళ కుర్రాడు, ఎవరిదో పెళ్ళిలో డాన్సు పాటలకి గిటారు వాయించాడని తెలిసింది. సంఘ పెద్ద హోదాలో లేచి నిలబడి, ఆ నేరం అందరి ముందూ చదివింది జబ్లోనే. మూడు ఆదివారాలు కుర్రాణ్ణి వేదిక ముందు నిలబెట్టారు. నాలుగో ఆదివారం అతను రాలేదు. ఆ తరవాత ఏ ఆదివారమూ రాలేదు.

"రండి పెద్దగారూ," అన్నాడు ఎల్ఫాస్. గొంతులో కోపమూ లేదు, చనువూ లేదు. "కూర్చోండి అత్తా. నేను ఈ కేంద్రానికి వచ్చి నెలే అయింది. ఏమిటి బాధ?"

ఇద్దరాడవాళ్ళూ పోటీపడి చెప్పారు. ఎల్ఫాస్ జబ్లోన్‌ని రెండు చేతులూ ఎత్తమన్నాడు. ఎత్తాడు. తన వేళ్ళు పట్టుకుని గట్టిగా నొక్కమన్నాడు. నొక్కాడు. పళ్ళు చూపించమన్నాడు, గీత మీద నడవమన్నాడు, రక్తం బొట్టు తీసి చక్కెర చూశాడు, చేతికి పట్టీ కట్టి రక్తపోటు చూశాడు.

"పోటు కొంచెం ఎక్కువే. నెలాఖరుకి మళ్ళీ వచ్చి చూపించుకోవాలి. మిగతావన్నీ బాగున్నాయి," అని, సూది తీసి వేలి కొసలో గుచ్చాడు. జబ్లోన్‌కి తెలియలేదు. అదే వేలి రెండో కణుపు మీద గుచ్చాడు.

"అబ్బా."

"తెలిసిందా?"

"తెలియదా మరి?"

ఎల్ఫాస్ నాలుగు వేళ్ళూ అలాగే చూశాడు. కొసల్లోనే మొద్దు. బొటనవేలు మామూలుగానే ఉంది. తరవాత ఆ చేతిని కిటికీ వైపు తిప్పి, వెలుతురులో పరీక్షగా చూశాడు. పచ్చగా, గట్టిగా, మడమలా బిరుసెక్కిన చర్మం. దాని మీద సన్నటి గీతలు. ఆ చెయ్యి వదిలేసి కుడి చెయ్యి తీసుకున్నాడు. బొటనవేలికీ చూపుడువేలికీ గోళ్ళు పెరిగి ఉన్నాయి.

"దర్జీవాళ్ళు గోళ్ళు పెంచరు, దారం తగులుకుంటుందని," అన్నాడు. ఆగి, "ఎన్నాళ్ళుగా?" అని అడిగాడు.

"అయిదు రోజులుగా," అంది రిస్పా.

"మిమ్మల్ని కాదత్తా. పెద్దగారిని అడుగుతున్నాను. ఎన్నాళ్ళుగా?"

జబ్లోన్ గోడ మీది టీకాల పట్టికను మొదటినుంచి చివరిదాకా చదివాడు.

"ఫిబ్రవరి నుంచి," అన్నాడు.

"ఏం ఫిబ్రవరి నుంచి?" అంది రిస్పా.

ఎల్ఫాస్ తన ఎడమ చెయ్యి ఎత్తి ఆమెకు చూపించాడు. అవే నాలుగు వేళ్ళు, కొసల్లో అదే బిరుసు, అవే గీతలు.

"ఇది పక్షవాతం కాదత్తా. గిటారు."

డోరికా గోడకు ఆనుకుంది. రిస్పా ఆ చేతినీ ఈ చేతినీ మార్చి మార్చి చూసింది.

"తీగలు చెక్కకి ఎంత ఎత్తున ఉన్నాయి?" అని అడిగాడు ఎల్ఫాస్.

"చిటికెనవేలు దూరుతుంది," అన్నాడు జబ్లోన్, తల ఎత్తకుండా.

"అయితే అది గిటారు కాదు, ఎలుకల బోను. ఏం నేర్చుకుంటున్నారు?"

జబ్లోన్ నేరం ఒప్పుకుంటున్నట్టు చెప్పాడు. "ఎఫ్ పట్టు."

"ఓహో."

"చూపుడువేలు అడ్డంగా వేసి ఆరు తీగలూ నొక్కాలి. మూడు నెలల్నుంచి నొక్కుతున్నాను. అయిదు పలుకుతాయి. రెండో తీగ చచ్చిపోతుంది."

"నాకు మూడోది చచ్చేది. ఏడాది పట్టింది. వేలిని బోర్లా పెట్టకూడదు, కొంచెం పక్కకి ఒరిగించాలి, ఎముక వైపుకి. బలం చేతిలోంచి కాదు, మోచేతిలోంచి రావాలి. అది సరే, కుడి చేతి బొటనవేలు? మన పాత పద్ధతిలో బొటనవేలు ఎక్కడా ఆగకుండా నడుస్తూ ఉండాలి, చూపుడువేలు దాని మీద పాట చెప్పాలి. నేను ఇప్పుడదే కుస్తీ పడుతున్నాను. పాట అందుకోగానే నడక తప్పుతుంది."

"నాకు నడక కుదురుతుంది, పాటే రాదు."

"మీరిద్దరూ ఏ భాష మాట్లాడుతున్నారు?" అంది రిస్పా.

ఇద్దరూ ఆగిపోయారు. ఎల్ఫాస్ గొంతు సవరించుకుని మళ్ళీ డాక్టరయ్యాడు. "చర్మం గట్టిపడింది, అందుకే స్పర్శ లేదు. రెండు వారాలు ముట్టుకోకండి. తరవాత తీగలు కిందికి దింపించుకోండి. రోజుకి పావుగంట. తిమ్మిరి మొదలైతే ఆపెయ్యాలి."

"అంటే ఈయన..." అంది రిస్పా.

"ఈయనకి ఏమీ కాదు అత్తా."

రిస్పా కూర్చుంది. పెద్దగా నవ్వింది. నవ్వు మధ్యలో ఏడుపు వచ్చింది. డోరికా వైపు చూస్తే, డోరికా తలగుడ్డ కొంగుతో మొహం కప్పుకుని ఉంది.

"వదినా, బాగానే ఉంది నా చెయ్యి," అన్నాడు జబ్లోన్.

"విన్నాను. నీది బాగుందని ఏడుస్తున్నాను. ఆయనది బాగాలేకపోయిందని కూడా ఏడుస్తున్నాను. రెండూ ఒకేసారి వస్తున్నాయి, కాసేపు వదిలెయ్యండి."

ఎల్ఫాస్ రోగి నోటుపుస్తకం తెరిచాడు. తేదీ వేశాడు. కలం ఆగింది.

"కారణం దగ్గర ఏం రాయమంటారు?" అన్నాడు గొంతు తగ్గించి. "ఈ పుస్తకం మీ ఇంటికొస్తుంది. నలుగురూ చూస్తారు. కుట్టుపని అని రాయొచ్చు. పూర్తిగా అబద్ధం కూడా కాదు."

జబ్లోన్ చాలాసేపు పుస్తకంలోని ఆ ఖాళీ గీత వైపు చూశాడు. ఏడేళ్ళ కిందట తాను చదివిన కాగితంలో ఇలాంటి ఖాళీ ఒక్కటి కూడా లేదు. పేరు, ఊరు, ఎవరి పెళ్ళి, ఎన్ని పాటలు, అన్నీ పూర్తిగా రాసుకొచ్చాడు.

"ఉన్నదే రాయి," అన్నాడు.

ఎల్ఫాస్ రాశాడు. ఏదైనా ఇబ్బందైతే ఫోను చెయ్యండని కింద తన నంబరు వేశాడు.

"ఎల్ఫాస్, ఆ రోజు నేను..."

"బయట ఇరవైమంది ఉన్నారు పెద్దగారూ. తరవాతివాళ్ళని పిలవాలి."

*

బోడా బళ్ళు వద్దని రిస్పా నడిచింది. మిగతా ఇద్దరూ నడవక తప్పలేదు. సంత దాటేదాకా ఆమె మాట్లాడలేదు. డోరికా ఆ మౌనాన్ని చూసి పది అడుగులు ముందుకెళ్ళిపోయింది.

"బుధవారాలూ శనివారాలూ యూనిఫాంలు ఎక్కువగా ఉన్నాయన్నావు," అంది రిస్పా.

ఆమె అతన్ని నువ్వు అనడం, ఇన్నేళ్ళలో అది మూడోసారి.

"ఎక్కువగానే ఉన్నాయి. అవి అయ్యాక ఓ గంట."

"ఎవరెవరు?"

"చెప్పులు కుట్టే జవాన్. గిటారు అతనిదే. ఇప్పటికీ శ్రుతి చెయ్యడం రాదు అతనికి, తీగ బిగించి బిగించి తెంపుతాడు. పోస్టాఫీసులో చేసిన లాబన్. తాళానికి ఫోనులో టిక్కుటిక్కుమనే చప్పుడు పెట్టుకుని, రెండు పట్లు అటూ ఇటూ మారుస్తూ ఉంటాడు. మూడోది నేర్చుకోమంటే, ఈ రెండూ ముందు కుదరనీ అంటాడు. వీడియోల్లో చూసి నేర్చుకుంటున్నాం, ఎవరికీ పూర్తిగా ఏదీ రాదు."

"ఇంకా?"

జబ్లోన్ రోడ్డు పక్క టీ తోటల్లోకి చూశాడు. "అస్కా."

"చేపల అస్కా?"

"ఆమె వాయించదు. సీసా గీస్తుంది. ఆ పాటలకి సోడా సీసా కావాలి, గీతల సీసా, ఇనప పుల్లతో గీస్తే తాళం..."

"అంటే చేపల అస్కాకి తెలుసు."

"రిస్పా."

"జవాన్‌కి తెలుసు. లాబన్‌కి తెలుసు. చేపలమ్ముకునే మనిషికి తెలుసు. పోయిన శుక్రవారం ఆమె దగ్గరే కదా నేను చేప కొన్నది. మీ ఆయన బాగున్నారా అని అడిగింది నన్ను. నవ్వుకుంటూ అడిగింది."

"నువ్వు సంఘం వైపు మాట్లాడతావనుకున్నాను."

"నేను నీ పెళ్ళాన్ని. ఎవరి వైపు మాట్లాడతానో అడిగి చూస్తే తెలిసేది."

మోరీ దగ్గర జబ్లోన్ తనంతట తనే మొదలుపెట్టాడు. జవాన్ తన కొట్టుకి రేకులు మారుస్తున్నారని గిటారు తెచ్చి జబ్లోన్ కొట్టులో పెట్టి వెళ్ళాడు. దుమ్ముపడితే జబ్లోన్ తుడిచాడు. తుడుస్తుంటే మోగింది. మళ్ళీ మోగించాడు.

"అన్నయ్య పోయాక మిషను ఆపితే చాలు, కొట్టంతా ఖాళీగా అనిపించేది. అది మోగినప్పుడు ఖాళీ లేదు. అంతే." కొంచెం ఆగాడు. "సోమవారం బట్ట తెలియకపోతే, దేవుడు ఈ చేతినే పట్టుకున్నాడనుకున్నాను. ఒక పిల్లాణ్ణి దేనికి నిలబెట్టానో, అదే పని చాటుగా చేస్తున్నానని. ఆ భయంతో నోరు పెగల్లేదు. గిటారు వల్లే తిమ్మిరని నాకు నిజంగా తట్టలేదు రిస్పా."

"దేవుడికి వేరే పని ఉండదా, నీ నాలుగు వేళ్ళు పట్టుకు కూర్చోడానికి?" అంది రిస్పా. గొంతు కొంచెం మెత్తబడింది. "నీ ఫోటో కూడా తీసి పెట్టాను. రాత్రి పెట్టె వెతికి."

"ఏ ఫోటో?"

"నీలం కోటుది. నీ సమాధి కార్యక్రమం కాగితం మీద వేయించడానికి."

"అందులో కళ్ళు మూసుకుని ఉంటాను కదా."

"అందుకే బాగుంటుందనుకున్నాను."

ముందు నడుస్తున్న డోరికా భుజాలు కదిలాయి. ఆమె వింటూనే ఉంది. నవ్వు ఆపుకోలేక రోడ్డు మధ్యలో నిలబడిపోయింది. రిస్పా నవ్వకూడదని పళ్ళు బిగించింది. లాభం లేకపోయింది.

*

ఇల్లు కనబడేసరికి పాట వినిపించింది. వాకిట్లో పదిమంది దాకా సంఘంవాళ్ళు, మధ్యలో కుర్చీలో పాస్టర్ నాథన్. రోగి ఇంట్లో లేడని తెలిసినా, వచ్చేదాకా ప్రార్థన చేద్దామని కూర్చున్నారు.

జబ్లోన్ తన కాళ్ళ మీద తాను నడిచి రావడం చూసి పాట దానంతట అదే ఆగింది.

"దేవుడికి స్తోత్రం," అన్నారు పాస్టరు గారు. "ఏమన్నారు డాక్టర్లు?"

"ప్రమాదం లేదన్నారు," అంది రిస్పా వెంటనే. "పని ఎక్కువై తిమ్మిరెక్కిందట. కూర్చోండి, టీ పెడతాను."

అడిగి చూస్తే తెలిసేదన్నట్టే, మొగుడి వైపే మాట్లాడింది. కానీ నోటుపుస్తకం ఆమె చేతిలోనే ఉంది. పాస్టరు గారు మామూలుగా చెయ్యి చాచారు. ఇవ్వకపోతే బాగుండదు. ఇచ్చింది.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివారు. ఒక చోట ఆగారు. మళ్ళీ మొదటినుంచి చదివారు. పుస్తకం మూసి జబ్లోన్‌కి అందించారు.

"నా కళ్ళు సరిగ్గా కనబడటం లేదేమో. మీరే చదవండి."

జబ్లోన్ పుస్తకం తెరవలేదు.

"అందులో ఉన్నది నిజమే పాస్టరు గారూ. గిటారు తీగల వల్ల. ఫిబ్రవరి నుంచి నేర్చుకుంటున్నాను. ఎవరి పెళ్ళిలోనూ వాయించలేదు, కానీ అది నా గొప్ప కాదు. ఎవరూ పిలవలేదు, వాయించడం ఇంకా రాదు కూడా."

వెనక ఎవరో కిసుక్కుమని, దగ్గుగా మార్చుకున్నారు. పాస్టరు గారు నవ్వలేదు.

"ఎల్ఫాస్‌ని నిలబెట్టినప్పుడు కాగితం చదివింది మీరు."

"నేనే. ఆదివారం నన్ను నిలబెట్టండి. అతనికి మూడు వారాలైతే నాకు ఆరు. కానీ అతన్ని కూడా పిలవాలి. అతని ముందు నేను చెప్పాల్సింది ఉంది."

"గిటారు మానేస్తారా?"

జబ్లోన్ తన చేతికేసి చూసుకున్నాడు. "రెండు వారాలు," అన్నాడు.

పాస్టరు గారు లేచారు. ఆయన లేవగానే అందరూ లేచారు. రిస్పా టీ కప్పుల పళ్ళెంతో వచ్చేసరికి వాకిట్లో కుర్చీలే ఉన్నాయి. ఆ ఇంట్లో టీ తాగకుండా ఆయన వెళ్ళడం అదే మొదటిసారి. గేటు దగ్గరనుంచి ఒక్క ముసలావిడ మాత్రం వెనక్కి వచ్చి, ఒక కప్పు తీసుకుని, నిలబడే తాగి, "మా నాన్న కూడా వాయించేవాడు," అని ఖాళీ కప్పు పళ్ళెంలో పెట్టి గబగబా వెళ్ళిపోయింది.

డోరికా పెరట్లోంచి కోడిని పట్టుకొచ్చింది. రోగికి పులుసు పెట్టాలని పొద్దున తెచ్చిన కోడి.

"రోగి లేడుగా," అంది రిస్పా.

"కోడి ఉంది," అంది డోరికా. "నీళ్ళు కాచు. ఉగాలి సంకటి గట్టిగా చెయ్యి, అయిదు రోజుల్నుంచి ఈ ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు."

రిస్పా పొయ్యి రాజేసింది. పొయ్యి ముందు కూర్చుని ఊదింది. సంఘం ఏమంటుందో తెలియదు. పెద్దరికం ఉంటుందో పోతుందో తెలియదు. మనిషి ఉన్నాడు. గోడ అవతల తిరుగుతున్నాడు, అడుగుల చప్పుడు వినిపిస్తోంది.

అడుగులు ఆగాయి. ఫోనులో నంబరు నొక్కుతున్న చప్పుడు వచ్చింది.

"ఎవరికి?" అని అరిచింది.

"ఎల్ఫాస్‌కి."

"ఇక్కడికొచ్చి మాట్లాడు. అందరికీ వినబడేలా పెట్టు. ఇక చాటు మాటలు వద్దు."

జబ్లోన్ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అవతల ఎల్ఫాస్ పలికాడు. జబ్లోన్ చెప్పాల్సింది చెప్పాడు: ఆదివారం సంఘం ముందు నిలబడతానని, అతను వస్తే అతని ముందే తప్పు ఒప్పుకుంటానని.

డోరికా ఈకలు పీకడం ఆపింది.

"రాను పెద్దగారూ," అన్నాడు ఎల్ఫాస్. "ఆ మెట్లు దిగిన రోజు మళ్ళీ ఎక్కనని ఒట్టేసుకున్నాను. మా అమ్మ ఏడేళ్ళుగా ఏడుస్తోంది, అయినా ఎక్కలేదు. మీ కోసం ఎక్కను."

రిస్పా పొయ్యిలోంచి చూపు తిప్పి మొగుణ్ణే చూస్తోంది.

"సరే నాయనా," అన్నాడు జబ్లోన్.

"మీవాళ్ళు రేపు ఎన్నింటికి కూర్చుంటారు, కొట్టులో?"

"అయిదింటికి. కానీ నువ్వే నన్ను ముట్టుకోవద్దన్నావు."

"మీరు ముట్టుకోకండి. నా గిటారు నేను తెచ్చుకుంటాను. చెప్పాలనుకున్నది అక్కడ చెప్పండి. వింటాను. క్షమిస్తానో లేదో మాత్రం ఇప్పుడే అడగకండి, నాకే తెలియదు."

ఫోను పెట్టేశాడు. జబ్లోన్ దాన్ని చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"రేపు నేనూ వస్తాను," అంది రిస్పా, పొయ్యిలోకి పుల్ల తోస్తూ. "పాట వినడానికి కాదు. అస్కా మొహం చూడాలి."

డోరికా కోడిని మళ్ళీ నీళ్ళలో ముంచి తీసింది. "అదంతా సరే. ఎల్లుండి పాస్టరు గారు లేపి నిలబెడితే, పక్కన ఆ పిల్లాడు ఉండడు. ఏం చెప్తావు జబ్లోన్?"

జబ్లోన్ పీట లాక్కుని ఇద్దరాడవాళ్ళ మధ్య కూర్చున్నాడు. ఆకలిగా ఉందని అప్పుడే తెలిసింది.

"రేపు ఏం జరిగితే అది చెప్తాను వదినా," అన్నాడు.